శిశుమరణం – శోకభేదం: మనుస్మృతి, శాంతిపర్వ సాక్ష్యాలు

పసికందుకు పూర్తి అంత్యక్రియలు లేవు గనుక ప్రాచీన సమాజం ఆ దుఃఖాన్ని గుర్తించలేదనడం పునఃపరిశీలించదగిన అభిప్రాయం. మనుస్మృతి పంచమాధ్యాయం (68–70 శ్లోకాలు) రెండేళ్లు నిండని శిశువును ఊరి వెలుపల ఖననం చేయమంటుంది. అగ్నిసంస్కారాన్ని, ఉదకక్రియను నిషేధిస్తుంది. అడవిలో కట్టెను విడిచినట్లు విడిచి రమ్మన్న ఆ గ్రంథమే, అంతకుముందు శ్లోకంలో శిశుదేహాన్ని అలంకరించమనడం గమనార్హం. దంతాలు మొలిచినా, నామకరణం జరిగినా ఉదకమివ్వవచ్చునన్న వికల్పమూ ఉంది. నామకరణాన్ని పదవ లేదా పన్నెండవ దినాన చేయమన్నందున (2.30) ఈ వికల్పం కొద్దిరోజుల పసికందుకూ వర్తిస్తుంది. అంటే విధిలోనే బంధువుల నిర్ణయానికి చోటుంది.

మహాభారత శాంతిపర్వంలోని గృధ్రగోమాయు సంవాదంలో మృతుడు కొంత ఎదిగిన బాలుడు. శ్మశానానికి వచ్చిన బంధువులను రాబందు వైరాగ్యం బోధించి మరలిపొమ్మంటుంది. నక్క మమకారం గుర్తుచేసి ఉండమంటుంది. రెండింటి లక్ష్యమూ ఆహారమే: పగలు రాబందుది, రాత్రి నక్కది. చివరకు శివానుగ్రహంతో బాలుడు బ్రతుకుతాడు. ఏ వాదమూ నెగ్గదు. ఇతరుల శోకానికి గడువు విధించే హితబోధలోని స్వార్థాన్ని ఈ కథ బయటపెడుతుంది. కనుక మౌనంగా ఇల్లు చేరిన కుటుంబాన్ని నిర్దయులుగా, మరలలేకపోయిన కుటుంబాన్ని అవివేకులుగా లెక్కించడం ఈ గ్రంథాల సాక్ష్యానికి విరుద్ధం.