ఇరువదింట ఒక పొరపాటు

ఒక విద్యార్థి నాణెమును ఐదుసార్లు ఎగురవేయగా ఐదుసార్లును బొమ్మయే పడినచో మనము ఆశ్చర్యపడుదుము. అట్లు పడుటకు గల అవకాశము ముప్పదిరెండింట ఒకటి మాత్రమే. కాని తరగతిలోని నలుబదిమందియు తలకొక నాణెమును ఐదేసిసార్లు ఎగురవేసినచో, ఎవరికో ఒకరికి ఐదు బొమ్మలును పడుటలో వింత లేదు. ఆ ఒక్క నాణెమునందు ఏదో మహిమ కలదనుకొనుట పొరపాటు. ఈ పొరపాటు పెద్ద పరిశోధనలలోను దొర్లుచుండును.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రమున పనిచేసిన ఆర్. ఎ. ఫిషర్ 1925లో పరిశోధకుల కొరకొక గ్రంథము వ్రాసెను. ఒక ఫలితము కేవలము కాకతాళీయముగా వచ్చు సంభావ్యత ఇరువదింట ఒకటి, అనగా 0.05, కంటె తక్కువైనచో దానిని లెక్కకు తీసికొనుట అనుకూలమని అందు సూచించెను. ఒక్క ప్రశ్నకు ఇది చాలును. కాని నిజముగా ఏ భేదమును లేని ఇరువది విషయములను వేరువేరుగా పరీక్షించినచో, కనీసము ఒకదానియందైనను లేని భేదము ఉన్నట్లు కనబడు సంభావ్యత నూటికి 64!

దీనికి విరుగుడు ఇటలీ గణితవేత్త కార్లో బోన్‌ఫెరోనీ 1936లో ప్రకటించిన అసమీకరణములలో ఉన్నది. అమెరికాలో ఆలివ్ జీన్ డన్ 1961లో దానిని పరిశోధకులకు అక్కరకు వచ్చు పద్ధతిగా మలచెను. 0.05ను ప్రశ్నల సంఖ్యచే భాగించిన చాలును; ఇరువది ప్రశ్నలకు హద్దు 0.0025 అగును. ఇంతకంటె సులభమేమున్నది? అయితే కాపలా మరీ కఠినమైనచో దొంగతోపాటు చుట్టమును గుమ్మము బయటనే నిలిచిపోవును.

ఆ చుట్టమెవరో 1995లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయపు యోఆవ్ బెంజమినీ, యోసెఫ్ హోఖ్‌బర్గ్‌లు చూపిరి. వారు ఉదాహరణగా గ్రహించినది 421 మంది గుండెపోటు రోగులపై జరిగిన పరిశోధన. రక్తపు గడ్డను కరిగించు రెండు మందులను అందు పోల్చిరి. ప్రశ్నలు 15. వాని సంభావ్యతలను చిన్నదానినుండి పేర్చగా 0.0001, 0.0004, 0.0019, 0.0095, 0.0201 అని సాగును. ఏ సవరణయు లేనిచో తొమ్మిది నెగ్గును. డన్ పద్ధతిలో హద్దు 0.0033 గనుక మూడే నెగ్గును. ఆగిపోయిన నాల్గవది మరణములను గూర్చిన ప్రశ్న! రోగికిని, వాని ఇంటివారికిని అంతకంటె ముఖ్యమైనది వేరొకటి ఉండునా?

ఒక్క పొరపాటైనను రాకూడదను పట్టును వీరు సడలించిరి. నిజమని ప్రకటించిన వానిలో అబద్ధముల పాలు సగటున నూటికి ఐదు మించకున్న చాలుననిరి. అందుకై హద్దును మెట్లుగా కట్టిరి: మొదటిదానికి 0.05లో పదునైదవ వంతు, రెండవదానికి దానికి రెట్టింపు, ఇట్లు. పైమెట్టునుండి దిగుచు, తన హద్దులోపల నున్న సంభావ్యత మొదట ఎచ్చట తగులునో అదియు, దాని క్రిందివియు నెగ్గినట్లు. ఐదవ మెట్టు 0.0167, 0.0201 దానిని మించినది. నాల్గవ మెట్టు 0.0133, 0.0095 అందు ఇమిడినది. మరణములు తగ్గినవను మాట నిలిచెను.

తరువాత వేలకొలది జన్యువులను ఒక్కసారిగా పరీక్షించు పరిశోధనలలో ఈ పద్ధతి విస్తారముగా వాడుకలోనికి వచ్చినది. అది నూరు జన్యువులను ఎంచి ఇచ్చినచో, అందు ఐదారు తప్పులుండవచ్చును. అవి ఏవో తెలియుటకు మరల ప్రయోగమే చేయవలెను.