కోలారు బంగారు గనులు: అదురులు, నేల నష్టం, భూమి హక్కుల వివాదం

కర్ణాటకలోని కోలారు జిల్లాలో, కోలారు గోల్డ్ ఫీల్డ్స్ (కె.జి.ఎఫ్.) కింద వందేళ్లకు పైగా నేల అదురుతూ వచ్చింది. ఇవి ప్రకృతి భూకంపాలు కావు. లోతున రాతిలో పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదలై, రాయి పేలినట్టు చిట్లిపోతుంది. గని పరిభాషలో దీన్ని రాక్ బర్స్ట్ అంటారు. ఇక్కడ తొలి రాక్ బర్స్ట్ 1898లో ఊరిగాం గనిలో నమోదైంది. కె.జి.ఎఫ్. ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని, కుప్పానికి దగ్గరలో ఉంది. తమిళం, కన్నడం సరసన ఇక్కడ తెలుగూ ఇంటి భాషే. చిత్తూరు పల్లెల నుంచి పనికి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఈ అదురులతోనే కాపురం చేశాయి.

అదురుకు కారణం

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగాక మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనులు ఏటికేడు లోతుకు వెళ్లాయి. చాంపియన్ రీఫ్ సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు చేరి, ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటిగా నిలిచింది. అంత లోతున పైనున్న రాతి బరువు అపారం. బంగారం ఉన్న పలుగురాయి గట్టిదే కానీ పెళుసు. దాన్ని తవ్వేసిన చోట ఖాళీ ఏర్పడి, ఆ బరువంతా చుట్టూ మిగిలిన రాతి మీద పడుతుంది. అది ఓర్చుకోలేనప్పుడు పగులుతుంది. గ్లెన్ ఓర్ షూట్, నార్తర్న్ ఫోల్డ్స్ వంటి భాగాలు ఇందుకు పేరుమోశాయి. పెద్ద పేలుడు ఒకటి జరిగితే, దాని వెంట చిన్నవి రోజుల తరబడి వచ్చేవి. కింద కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పైన ఇళ్ల గోడలు బీటలు వారాయి. ఖాళీలను గ్రానైటు రాళ్లతో పూడ్చే పాత పద్ధతి చాలక, తర్వాతి కాలంలో కాంక్రీటుతో నింపారు. 1978లో భాభా అణు పరిశోధన కేంద్రం ఇక్కడ అదురులను నమోదు చేసే పరికరాల వ్యవస్థను నెలకొల్పింది. 1988లో జాతీయ శిలా యాంత్రిక సంస్థ కె.జి.ఎఫ్.లోనే పుట్టింది. దేశంలో రాతి ఒత్తిడి శాస్త్రం ఎదగడానికి ఈ కార్మికులు చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నీరు తోడే పంపులు ఆగాక సొరంగాలు నిండసాగాయి. అదురులు మాత్రం ఆగలేదు. తవ్వి వదిలిన ఖాళీల్లో నీటి పీడనం పెరిగితే రాతి పగుళ్లు మళ్లీ కదులుతాయి.

జోన్ పటం చూడనిది

భారత ప్రమాణం ఐఎస్ 1893 (2016) కోలారును అతి తక్కువ ప్రమాదమున్న రెండో జోన్‌లో ఉంచింది. ఆ పటానికి ఆధారం సహజ భూకంపాలు. గని తవ్వకం తెచ్చిన అదురు అందులోకి రాదు. తవ్విన సొరంగాల మీద, పాత షాఫ్టుల పక్కన ఉన్న పేటకూ, గట్టి రాతి మీద ఉన్న పల్లెకూ ఆ పటంలో తేడా లేదు. ఎక్కడ ఇల్లు కట్టవచ్చో, ఎక్కడ కట్టకూడదో తేల్చవలసింది గని పటాలు. వాటిని పట్టణ ప్రణాళికలో కలపనిదే జోన్ సంఖ్య చూసి ధైర్యపడటం సబబు కాదు.

నేల ఎవరిది

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో అవి కేంద్రం చేతికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ (బీజీఎంఎల్) ఏర్పడింది. ఖనిజం ప్రభుత్వానిది, గని కంపెనీది, కార్మికులుండే లైన్లు (వరుస క్వార్టర్లు) కూడా కంపెనీవే. గనులు, ఖనిజాల చట్టం (1957)లోని 24ఏ సెక్షన్ ప్రకారం, తవ్వకం వల్ల నేలకు నష్టం కలిగితే లీజుదారు పరిహారం ఇవ్వాలి. అయితే ఇంటికి యజమానీ, నష్టానికి కారకుడూ ఒకరే అయినప్పుడు, పట్టా లేని కాపురస్థుడి మాటకు బలం తక్కువ. క్వార్టర్లను తమ పేర రాయాలని పూర్వ కార్మికులు ఏళ్ల తరబడి అడుగుతున్నది అందుకే. గోడలో బీట ఉన్నా, చేతిలో పత్రం ఉంటే అడిగే హక్కు ఉంటుంది.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో సహజవాయువు తీయడం వల్ల నేల అదిరి ఇళ్లు దెబ్బతిన్నాయి. నష్టం తమ వల్ల కాదని నిరూపించే భారాన్ని అక్కడి చట్టం వాయువు తీసిన సంస్థ మీదే పెట్టింది. కోలారులో ఇలాంటి ఏర్పాటు ఉండి ఉంటే ఎన్నో ఇళ్ల కథ వేరుగా నడిచేది. గుజరాత్‌లో 2001 జనవరి 26 భూకంపం తర్వాత భుజ్ పాతబస్తీలో ఇళ్ల స్థలాల హద్దులను తిరిగి గీశారు. వెడల్పు రోడ్ల కోసం యజమానుల నుంచి కొంత నేల తీసుకున్నారు. అక్కడ యాజమాన్యం తెలిసిన నేలను సర్దారు. కె.జి.ఎఫ్.లో యాజమాన్యమే చిక్కుముడి.

బీజీఎంఎల్ గనుల కోసం ప్రపంచ టెండర్లు పిలవడానికి 2013లో సుప్రీంకోర్టు కేంద్రానికి అనుమతించింది. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం 13 సైనైడ్ దిబ్బల్లో (బంగారం తీశాక పోసిన వ్యర్థాల గుట్టల్లో) మిగిలిన బంగారాన్ని తీసేందుకు కేంద్రం పెట్టిన ప్రతిపాదనను ఆమోదించింది. ఆ దిబ్బలు సుమారు 1,003 ఎకరాల్లో ఉన్నాయి. గని కోసం ఇచ్చిన భూమిలో వాడని భాగాన్ని తిరిగి పొంది, పారిశ్రామిక వాడగా మార్చాలని రాష్ట్రం ప్రయత్నిస్తోంది. దిబ్బల కింద, వాటి చుట్టూ ఉన్న పాత సొరంగాలు, షాఫ్టుల కొలతలు ఈ కేటాయింపుల్లోకి రావాలి. లైన్లలో కాపురమున్న వారి పేర్లూ రావాలి.