ఎవరు చెప్పాలి, ఎవరు ఊరుకోవాలి?

టవరూ తీగా లేకుండా, చేతిలోని పరికరాలే ఒకదానికొకటి కబురు అందించుకునే అడ్‌హాక్ నెట్‌వర్క్‌ల చరిత్రను పాఠ్యపుస్తకాలు ఒకే వరసలో చెబుతాయి. 1971లో హవాయి అలోహానెట్, ఆ వెనక అమెరికా రక్షణ శాఖ ప్యాకెట్ రేడియో, 1990లలో డీఎస్ఆర్, ఏఓడీవీ అనే ప్రోటోకాల్‌లు. ఇది దారి వెతికే పద్ధతుల వంశవృక్షం మాత్రమే. ఒకరి దగ్గరికి దారి కనుక్కోవడం వేరు, ఒకే వార్తను అందరికీ చేర్చడం వేరు. పైగా డీఎస్ఆర్, ఏఓడీవీ కూడా దారి తెలియనప్పుడు ముందు అందరినీ అడగాల్సిందే.

ఈ రెండో కథకు సాధారణంగా 1999ని పుట్టిన సంవత్సరంగా చూపుతారు. విన్న ప్రతి పరికరమూ మళ్లీ పలికితే రేగే 'ప్రసార తుపాను'ను తైవాన్ పరిశోధకులు నలుగురు అప్పుడే లెక్కగట్టారు. అలా పలకడం వల్ల కొత్తగా కలిసివచ్చే ప్రాంతం మహా అయితే 61 శాతం, సగటున 41 శాతం. అదే కబురు అప్పటికే పలుమార్లు చెవిన పడి ఉంటే లాభం దాదాపు సున్నా. మిగిలేది సంకేతాల తొక్కిసలాటే.

లెక్క గొప్పదే. కానీ ఊరుకోవడం నేర్పింది అంతకు 12 ఏళ్ల ముందటి పరిశోధన. 1987లో జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో అలాన్ డెమర్స్ బృందం, సర్వర్ల మధ్య మార్పులను పుకారులా పాకించింది. ఎదుటి సర్వర్‌కు సంగతి ముందే తెలిసి ఉంటే, చెప్పబోయిన సర్వర్‌కు కొంత ఆసక్తి చస్తుంది. వెంటనే మానేస్తే దాదాపు 20 శాతం మందికి వార్త అందదు. సగటున రెండుసార్లు భంగపడ్డాక మానేస్తే ఆ వాటా 6 శాతానికి దిగుతుంది. మిగిలినవారి కోసం అప్పుడప్పుడూ జాబితాలు సరిచూసుకోవాలి.

అయితే తైవాన్ వారి లెక్క ఇక్కడినుంచే వచ్చిందనడం అతి అవుతుంది. జిరాక్స్‌ది తీగల లోకం. గాలిలో ఒకరు పలికితే చుట్టుపక్కల అందరూ వింటారు. ఇద్దరు ఒక్కసారే పలికితే ఎవరికీ అర్థం కాదు. తిన్నగా వారసత్వం కనిపించేది 2000లో. డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాహ్‌దత్, బెకర్ జిరాక్స్ బృందం 'అంటువ్యాధి' అని పిలిచిన ఆ పద్ధతినే కదిలే పరికరాలకు తొడిగారు. ఎదురుపడిన రెండు పరికరాలు తమ దగ్గర లేని సందేశాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. అంతవరకూ బెడదగా చూసిన కదలికే వాహకమైంది. 2002లో హాస్, హాల్పెర్న్, లీ మరో అడుగు వేశారు: పలకాలా వద్దా అన్నది బొమ్మాబొరుసుకు వదిలేస్తే సందేశాలు 35 శాతం దాకా తగ్గాయి. కాకపోతే తొలి అంచెల్లో అందరూ పలకాలి, లేకుంటే కబురు పుట్టినచోటే చస్తుంది.

ఆ కాలపు అంకెలను ఆచితూచి చదవాలి. చాలావరకు అనుకరణ ప్రయోగాలవే. వాటిలో విరివిగా వాడిన కదలిక నమూనాలో పరికరాల సగటు వేగం పోనుపోను పడిపోతుందని 2003లో తేలింది. అంతకన్నా గట్టిది 2004లో బర్క్‌లీ పరిశోధకులు సెన్సర్ల నెట్‌వర్క్‌లకు రూపొందించిన 'ట్రికిల్' పద్ధతి. పొరుగువారు అదే మాట చెబుతుంటే సెన్సర్ నోరు మెదపదు. 2011లో అది ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లోకి ఎక్కింది.

ఇంత నేర్చుకున్నాక 2017లో వచ్చిన బ్లూటూత్ మెష్ విన్న ప్రతిదీ తిరిగి పలికే వరద పద్ధతినే మళ్లీ పట్టుకుంది. అంచెలకు హద్దు పెట్టడం, విన్నదాన్ని గుర్తుంచుకోవడం వంటివే అదనం. భవనంలో దీపాలకు అది చాలు, జనసందోహానికి చాలుతుందా అన్నది అనుమానమే. హాంకాంగ్ నిరసనల్లో 2014లో ఫైర్‌చాట్ యాప్‌కు, 2019లో బ్రిడ్జిఫై యాప్‌కు దక్కిన కీర్తి కూడా సామర్థ్యం చూసి దక్కింది కాదు. మితిమీరి కుదించిన ఒక్క సందేశంతో బ్రిడ్జిఫై నెట్‌వర్క్ మొత్తాన్ని పడగొట్టవచ్చని 2020లో లండన్ రాయల్ హోలోవే పరిశోధకులు చూపారు.