మాంసకృత్తులు: కంచంలోని చరిత్ర

'మాంసకృత్తులు' అనే మాట మొదటిసారి ఆరో తరగతిలో విన్నాను. మాంసంలో ఉండేవే మాంసకృత్తులనుకున్నాను. మా ఇంట్లో పండక్కో జాతరకో తప్ప కూర తెగేది కాదు. కాబట్టి మాకు అవి లేవని నాకు నేనే తేల్చుకున్నాను. ఆ మాటకు కండను కట్టేవి అని అర్థమనీ, అవి మా చేలోనే పండుతున్నాయనీ చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

మా వైపు చెలకల్లో నాలుగైదు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది వేసేవారు. నూరు గ్రాముల జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, కందిపప్పులో 22 గ్రాములు. మేకమాంసంలో ఉండేదీ దాదాపు అంతే. అయితే ఒక్క జొన్నగాని ఒక్క కందిగాని చాలదు. ధాన్యంలో లైసిన్ తక్కువ, పప్పులో పుష్కలం. పప్పులో తక్కువైన మిథియోనిన్ ధాన్యంలో ఉంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. రైతుకు ఈ పేర్లు తెలియవు. సాలు మాత్రం తెలుసు.

ఇంతమాత్రాన పాతకాలమంతా బంగారమని నేననను. మా నాయన జీతగాడు. కంది పండేది, కానీ అది గడీ గాదెలోకి పోయేది. మాకు దక్కింది పరిగె ఏరుకున్న గింజలు, వాటితో కాచిన పలుచని కట్టు. జొన్న మీదే బతికిన పేదల్లో పెల్లాగ్రా వ్యాధిని హైదరాబాదు పరిశోధకుడు సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 నాటికే పరిశీలించారు. కాబట్టి పంటలో ఉన్న పోషణ వేరు, కంచంలోకి వచ్చిన పోషణ వేరు. ఆ రెంటి మధ్య నిలబడింది భూమి సంబంధాలు.

పాలకులు ఈ తేడాను చూడలేదు. 1968లో ఐక్యరాజ్యసమితి సలహాసంఘం ఒకటి ప్రపంచానికి ప్రోటీన్ సంక్షోభం ముంచుకొస్తున్నదని ప్రకటించింది. పాలపొడులూ, ప్రత్యేకాహారాల పొడులూ పరిష్కారాలుగా ముందుకొచ్చాయి. పేదవాడి ఆకలికి ఒక శాస్త్రీయమైన పేరు దొరికింది. దాంతో అతని కూలి గురించి మాట్లాడే పని తప్పింది.

దీన్ని ప్రశ్నించినవారిలో మనవాళ్లూ ఉన్నారు. కడుపునిండా తినగలిగితే భారతీయుల మామూలు తిండిలోనే చాలావరకు మాంసకృత్తులు సరిపోతాయని గణాంకశాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే వాదించాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆ పరిసర గ్రామాల పిల్లలకు రోజుకు 310 కేలరీలు, కేవలం 3 గ్రాముల మాంసకృత్తులు ఉన్న అదనపు ఆహారం పెట్టి చూసింది. పిల్లలు ఎదిగారు. ఆ ఫలితాలు 1973లో వెలువడ్డాయి. 1974లో మెక్‌లారెన్ అనే వైద్యుడు ఈ ప్రోటీన్ హడావుడి మొత్తాన్నీ ఘోర వైఫల్యమని ఎండగట్టాడు. తిండే చాలనప్పుడు శరీరం మాంసకృత్తులను కూడా పొయ్యిలో కట్టెల్లా కాల్చేసుకుంటుంది.

అయితే అదే కాలంలో పప్పు నిశ్శబ్దంగా తగ్గిపోయింది. హరితవిప్లవం నీళ్లూ ఎరువులూ మద్దతు ధరా గోధుమకూ వరికీ ఇచ్చింది. పంజాబు, హర్యానాల్లో గోధుమ శనగను నెట్టేసింది. అపరాలు వానమీద ఆధారపడిన మెట్టకు మిగిలాయి. దేశంలో తలసరి పప్పుధాన్యాల లభ్యత 1951లో రోజుకు సుమారు 61 గ్రాములు, 1961లో 69 గ్రాములు. 2001 నాటికి అది 30 గ్రాములకు పడిపోయింది. 1983లో మన రాష్ట్రంలో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. అది పేదల ప్రాణం నిలిపిన మాట నిజం. కానీ పప్పు బజారుకే మిగిలింది. 2013 ఆహారభద్రత చట్టం సైతం రేషన్ హక్కుగా ఇచ్చింది బియ్యం, గోధుమ, చిరుధాన్యాలనే.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. పప్పులో మాంసకృత్తులున్నాయన్న నిజాన్ని పట్టుకుని కొందరు బడిపిల్లల కంచంలోంచి గుడ్డునూ, దళితుడి కంచంలోంచి పశుమాంసాన్నీ తీసేయాలంటారు. అది పోషకశాస్త్రం కాదు, కులశాస్త్రం. మాంసం మానేయమని చెప్పేవాడు ముందు పప్పు కొనగలిగే కూలి ఇచ్చి మాట్లాడాలి.

మన సాహిత్యం ఆకలిని గురించి ఎంతో రాసింది. కంచంలో ఏముందో మాత్రం తక్కువగా రాసింది. కంది సాలు ఎవరి చేలోంచి ఎవరి గాదెలోకి పోయిందో రాస్తే ఈ దేశ చరిత్ర సగం రాసినట్టే. పరిగె ఏరిన మా అమ్మ చేతులకు ఆ చరిత్ర తెలుసు. దాన్ని అక్షరాల్లో పెట్టవలసిన బాధ్యత మనది.