ఎనిమిది డాలర్ల గింజలు

మిన్నెసోటాలో కొత్తగా ఇల్లు కొన్న తెలుగువాళ్లు పెరట్లో ఏ పండ్ల మొక్క వెయ్యమంటారని అడిగితే, రకం పేరు కన్నా ముందు నేను పీటర్ గిడియన్ పేరు చెబుతాను. ఆయన పడ్డ పాట్లు తెలియకుండా ఇక్కడ ఆపిల్ మొక్క కొనడం నాకు నచ్చదు.

ఒహాయోలో పుట్టిన గిడియన్ 1853లో కుటుంబంతో మిన్నెటోంకా సరస్సు ఒడ్డుకు వచ్చి, ఎక్సెల్సియర్ పక్కన స్థిరపడ్డాడు. వస్తూనే పండ్లతోటకు పూనుకున్నాడు. ఒక బుషెల్ ఆపిల్ గింజలు చల్లాడు. పేరున్న ఆపిల్ రకాలు ముప్ఫై దాకా తెచ్చి నాటాడు. పియర్, ప్లమ్, చెర్రీ, పీచ్ కూడా వదల్లేదు. చలి మైనస్ 30 డిగ్రీల సెల్సియస్‌కు దిగే నేల ఇది. ఏటా కొన్ని చెట్లు ఎండిపోతూ వచ్చాయి. తొమ్మిదేళ్లు తిరిగేసరికి ఆయనకు మిగిలింది ఒకే ఒక్క క్రాబ్ ఆపిల్ చెట్టు.

అప్పటికి ఆ ఇంటి ఆస్తి ఒక ఆవు, ఎనిమిది డాలర్లు. చలికాలం ముంచుకొస్తోంది, ఒంటిమీదికి బట్టలు లేవు. ఆ ఎనిమిది డాలర్లూ మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్‌కు పంపి ఆపిల్ గింజలూ, అంటుపుల్లలూ తెప్పించాడు. పాత చేతుల్లేని కోట్లు రెండు కలిపి కుట్టి, చిరిగిన ప్యాంటు కాళ్లు కోసి వాటికి చేతులుగా తగిలించుకుని ఆ చలి గడిపాడు.

గింజలే ఎందుకు? నేను నూజివీడు దగ్గర మామిడితోటలో పెరిగాను. మా నాన్న రసాలకు అంటే కట్టేవారు, టెంకను నమ్మేవారు కాదు. ఆపిల్‌దీ అదే తీరు. గింజ నాటితే తల్లి పండు రాదు, ప్రతి గింజా ఓ కొత్త రకమే. పండించేవాడికి అది నష్టం. కానీ గిడియన్‌కు కావలసింది అదే. అంటు ఉన్న గుణాన్ని నిలబెడుతుందే గానీ లేని గుణాన్ని పుట్టించదు. చలికి ఓర్చే మంచి ఆపిల్ ఇక్కడ అసలు లేనప్పుడు, గింజలు వేసి, చలికి వదిలేసి, బతికినదాన్ని ఏరుకోవాల్సిందే.

అలా బతికిన చెట్టు ఒకటి ఎర్రటి, రసం నిండిన పండు కాసింది. 1868లో ఆయన దానికి భార్య వెల్తీ హల్ పేరు పెట్టాడు. ఆ కష్టంలో సగం ఆవిడదే కాబట్టి ఆ పేరు న్యాయమైనదని నా అభిప్రాయం. వెల్తీ ఆపిల్ అంట్లు చల్లని రాష్ట్రాలన్నిటికీ పాకాయి.

తర్వాత మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఎక్సెల్సియర్ దగ్గరే పండ్ల పరిశోధన క్షేత్రం పెట్టి, గిడియన్ దారినే వేల మొక్కలతో నడిచింది. అక్కడ మొదటి సూపరింటెండెంట్ చార్లెస్ హారల్సన్ పేరుతో 1922లో హారల్సన్ ఆపిల్ విడుదలైంది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి వెల్తీ అని ఇటీవలి జన్యు పరీక్షలు తేల్చాయి. పుల్లగా, గట్టిగా ఉండే ఈ కాయ చల్లటి చోట పెడితే నెలల తరబడి నిలుస్తుంది. మామిడి పండని ఈ రాష్ట్రంలో హారల్సన్ వేసి పప్పు వండి చూడండి, నా మాట నమ్ముతారు.

ఇప్పుడు అందరూ అడిగే హనీక్రిస్ప్ కూడా ఆ క్షేత్రం బిడ్డే. 1960లో చేసిన సంకరం అది. 1977లో పారేయాల్సిన మొక్కల జాబితాలోకి వెళ్తే, డేవిడ్ బెడ్‌ఫర్డ్ అనే పరిశోధకుడు ఇంకో అవకాశం ఇద్దామని నిలబెట్టాడు. 1991లో విడుదలైంది, 2006లో రాష్ట్ర ఫలమైంది. దాని తాతముత్తాతల్లో రష్యా నుంచి వచ్చిన డచెస్ ఆఫ్ ఓల్డెన్‌బర్గ్ అనే ఆపిల్ ఉంది. చలికి దాని ఓర్పు అక్కడిదే అనుకుంటాను.

కాబట్టి దుకాణంలో పండు తిని బాగుందని ఫ్యూజీ, గ్రానీ స్మిత్ మొక్కలు కొనకండి. అవి పండటానికి ఇక్కడి వేసవి చాలదు, చలికీ ఆగవు. ఆపిల్‌కు వేరే రకం పుప్పొడి కావాలి గనక రెండు రకాలు పక్కపక్కన నాటండి. కుందేళ్లు బెరడు కొరకకుండా మొదలు చుట్టూ వలకట్టండి. ముందు హారల్సన్ వెయ్యండి, చోటుంటే వెల్తీ వెయ్యండి, హనీక్రిస్ప్ ఆ తర్వాతే.