ఐదో షెడ్యూలు, విదేశీ పెట్టుబడి: నర్సీపట్నం ప్రాంతపు వివాదంలో అంతర్జాతీయ ఆర్థిక న్యాయపాఠం

అంతర్జాతీయ ఆర్థిక న్యాయం అనగానే విద్యార్థులు ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాలనే ముందు తెరుస్తారు. ఆ న్యాయం మన నేలమీద ఎలా పనిచేస్తుందో నర్సీపట్నం పక్కనున్న మాకవరపాలెం చెబుతుంది. అక్కడి అన్‌రాక్ అల్యూమినా రిఫైనరీ వివాదం ఆధారంగా ఈ వ్యాసం చేసే వాదన ఒకటే: విదేశీ పెట్టుబడిదారు హక్కును తేల్చేటప్పుడు, అతను వచ్చేనాటికే అమల్లో ఉన్న స్థానిక భూచట్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నేపథ్యం

2007 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో అవగాహన కుదుర్చుకుంది. దాని ప్రకారం చింతపల్లి మన్యంలోని జెర్రిల బాక్సైట్‌ను రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వాలి, అన్‌రాక్ రిఫైనరీకి అమ్మాలి. తవ్వకం ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఎందుకంటే, రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలు కాకుండా 1/70 చట్టం (1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన) అడ్డుపడుతుంది. ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు ఇచ్చే గనుల లీజులకూ ఆ నిషేధం వర్తిస్తుందని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రభుత్వ సంస్థలకు మాత్రం వెసులుబాటు ఇచ్చింది. 2008 నాటి సరఫరా ఒప్పందం ఆ వెసులుబాటు మీదే నిలిచింది.

తవ్వకాలను గిరిజనులు ప్రతిఘటించారు. 2015 నవంబరులో అటవీ భూమిని అప్పగిస్తూ వచ్చిన 97వ జీవోను ఆందోళనలతో పక్కన పెట్టారు, 2019లో పూర్తిగా రద్దు చేశారు. ఈలోగా 2016లో సరఫరా ఒప్పందం రద్దయింది. జెర్రిలలో తవ్వకమే మొదలు కాలేదు. 2016 డిసెంబరులోనే, అన్‌రాక్‌లో పెట్టుబడి పెట్టిన రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థ భారత్‌కు ఆర్బిట్రేషన్ నోటీసు ఇచ్చి, దాదాపు 4.5 కోట్ల డాలర్ల పరిహారం కోరింది. దానికి ఆధారం 2013లో సంతకమై 2014 ఆగస్టులో అమల్లోకి వచ్చిన భారత్–యూఏఈ పెట్టుబడి ఒప్పందం.

చర్చ

రద్దు చేసింది రాష్ట్రమైతే కేంద్రం ఎందుకు జవాబు చెప్పాలి? భూమి రాష్ట్ర జాబితాలోది, విదేశీ ఒప్పందాలు కేంద్రానివి. అయితే అంతర్జాతీయ న్యాయం ఈ పంపకాన్ని పట్టించుకోదు. రాష్ట్రం చేసిన పని దేశం చేసినట్టే. ఒప్పందాన్ని ఉల్లంఘించి సొంత చట్టాన్ని సాకుగా చూపడానికి దేశాల మధ్య ఒప్పందాల న్యాయంపై కుదిరిన వియన్నా ఒప్పందంలోని 27వ అధికరణం ఒప్పుకోదు.

అలాగని స్థానిక చట్టానికి విలువ లేదనుకోవడం పొరపాటు. ఉల్లంఘనకు అది సాకు కాకపోయినా, పెట్టుబడిదారు ఏం ఆశించవచ్చో చెప్పే సాక్ష్యం అవుతుంది. సమత తీర్పు వచ్చిన పదేళ్లకు అవగాహన కుదిరింది. మన్యం ఖనిజం మీద ఇచ్చే ఏ హామీ అయినా ఐదో షెడ్యూలుకు లోబడే ఉంటుందని అప్పటికే అందరికీ తెలుసు. పెట్టుబడిదారు వైపు వాదనా బలహీనం కాదు: తీర్పు వదిలిన దారిలోనే ప్రభుత్వం తమను రమ్మందని, తర్వాత ఆ దారిని తానే మూసిందని అనవచ్చు. కాబట్టి రద్దుకు చూపిన కారణాలు, పాటించిన పద్ధతి కీలకమవుతాయి.

ముగింపు

2024 ఆగస్టు 31న అమల్లోకి వచ్చిన కొత్త భారత్–యూఏఈ ఒప్పందం ప్రకారం ఆర్బిట్రేషన్‌కు వెళ్లే ముందు మూడేళ్లు స్థానిక న్యాయమార్గాలు ప్రయత్నించాలి. అంటే ఇకపై ఇలాంటి తగాదాలు ముందు మన కోర్టులకే వస్తాయి. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల పెట్టుబడి ఒప్పందాలనూ 1/70 చట్టాన్నీ ఒకే తరగతిలో బోధించడం అందుకే అవసరం.