ఒకే పేరు, ఇరువురు ప్రాజ్ఞులు

ఒకే పేరుగలవారు ఊరిలో ఇద్దరున్నచో మనము ఇంటిపేరుతో వారిని వేరుపరతుము. ఇంటిపేరును ఒకటియే యైనచో చరిత్రకారునికి ఆధారమేమి? పందొమ్మిదవ శతాబ్దపు స్కాట్లండు దేశము దీనికి చక్కని నిదర్శనము నొసగుచున్నది.

అచట అలెగ్జాండర్ బెయిన్ అను పేరుతో ఇరువురు ప్రసిద్ధులు వర్ధిల్లిరి. ఇరువురును పేదయింటి బిడ్డలే. ఒకడు కెయిత్‌నెస్ సీమలోని చిన్నరైతు కుమారుడు. గడియారముల పని నేర్చినవాడు. విద్యుచ్ఛక్తితో నడచు గడియారమునకు 1841లోను, వ్రాతకు నకలును తంతి ద్వారా దూరమునకు పంపు విధానమునకు 1843లోను అతడు పేటెంటులు పొందెను. రెండవవాడు 1818లో అబర్డీను నగరమున నేతగాని యింట జన్మించి, అచటి విశ్వవిద్యాలయమున తర్కశాస్త్రాచార్యుడై, 1876లో ‘మైండ్’ అను తాత్త్విక పత్రికను స్థాపించెను.

పేరు మాత్రమే చూచినచో ఇరువురును ఒక్కరేయని మనము భ్రమపడుదుము. అందువలన నష్టపోవువాడు గడియారకారుడే. ఆచార్యుని స్మృతిని ఆయన గ్రంథములు, శిష్యులు నిలిపినారు. గడియారకారుడో, విద్యుద్గడియారమును ముందు కనుగొన్నది తానేయని ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు వీట్‌స్టన్‌తో వాదులాడవలసి వచ్చెను; ఆర్జించిన ధనమును వ్యాజ్యములలో పోగొట్టుకొని 1877లో కన్నుమూసెను.

అట్టివానికి నేటికిని సాక్ష్యము పలుకునది పేటెంటు దస్తరమే. అందు పేరు ప్రక్కనే వృత్తి, నివాసము, తేదీ వ్రాయబడియుండును. శుష్కముగా తోచు ఆ నాలుగు మాటలే ఒకని శ్రమ మరియొకని ఖాతాలో పడకుండ కాపాడుచున్నవి. కావున పాత దస్తరములను పదిలపరచుట గుమాస్తాపని మాత్రమే కాదు. గతించినవారికి మనము చేయు న్యాయము.